ఊసరవెల్లి చరిత్రలో మన మాట ఎక్కడ?

ఊసరవెల్లికి విషం లేదు. అది ఎవరి జోలికీ రాదు. అయినా మాట మార్చే మనిషిని తిట్టడానికి దాని పేరే వాడతారు. కనబడితే రాయి విసిరేవాళ్లూ ఉన్నారు. దాని గురించి లోకం ఏమేమి రాసిందో చూస్తే ఈ నింద ఎంత అన్యాయమో తెలుస్తుంది.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే గ్రీకు పండితుడు అరిస్టాటిల్ దాని కళ్లు అన్ని వైపులకూ తిరుగుతాయని రాశాడు. క్రీస్తుశకం 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ మాత్రం అది గాలి తిని బతుకుతుందన్నాడు. చాలా కాలం జనం అదే నమ్మారు. నిజానికి అది తన ఒంటికన్నా పొడవైన నాలుకను విసిరి పురుగులను పట్టి తింటుంది. కొమ్మ దగ్గర కాసేపు నిలబడి చూసినవాళ్లకు ఇది తెలుస్తుంది.

మన దేశపు ఊసరవెల్లికి 1768లో వియన్నాకు చెందిన లారెంటి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ పేరు కమీలియో జైలానికస్, అంటే సింహళానికి చెందినది అని.

చుట్టూ ఏ రంగుంటే ఆ రంగులోకి మారుతుందన్న మాట కూడా సరికాదు. చలికి, ఎండకి, భయానికి, పోటీకి వచ్చిన మరో ఊసరవెల్లికి స్పందించి రంగు మారుతుంది. మడగాస్కర్ ఊసరవెల్లిని పరిశీలించిన జెనీవా శాస్త్రవేత్తలు 2015లో దీని కిటుకు చెప్పారు. చర్మకణాల్లోని అతి చిన్న స్ఫటికాల మధ్య ఎడం మారితే, అవి వెనక్కి పంపే వెలుతురు రంగు కూడా మారుతుంది. అంటే అది మోసం కాదు, దాని ఒంటి భాష.

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని సామెత. తొండ ఎంత ముదిరినా తొండే. రెండూ వేరు వేరు కుటుంబాలవి. ఊసరవెల్లి కాలివేళ్లు రెండు గుంపులుగా చీలి పట్టకారులా కొమ్మను పట్టుకుంటాయి, తోక చుట్టుకుంటుంది. తొండకు ఇవి లేవు.

ఊసరవెల్లి చెట్టు మీద బతికినా, గుడ్లు పెట్టడానికి నేలకు దిగి మట్టి తవ్వుతుంది. చెట్టూ మట్టీ రెండూ ఉంటేనే దానికి బతుకు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడం, చంపడం నేరం.

పైన చెప్పుకున్న ఈ చరిత్రలో అడవిలో దానితో కలిసి బతికిన మనవాళ్ల మాట లేదు. కోయ, గోండి, సవర, కువి భాషల్లో దాన్ని ఏమంటారో, అది ఎప్పుడు ఏ చెట్టు మీద కనబడుతుందో పెద్దలను అడగండి. ఉపాధ్యాయులు పిల్లలచేత ఆ మాటలు రాయించాలి. ఆ పెద్దలు ఉండగానే ఈ పని జరగాలి.