భట్కల్ గుర్రం, గుడ్‌గావ్ కారు

డిసెంబరు 14 దగ్గరపడుతోంది. 1983లో ఆ రోజునే తొలి మారుతి తాళాలను ఇందిరాగాంధీ ఓ ఢిల్లీ ఆసామి చేతిలో పెట్టారు. సంపాదకులకు వార్షికోత్సవ వ్యాసం కావాలి, కారు కొనబోతున్న మా బావగారికి సలహా కావాలి. "మనవాళ్ల కంపెనీది కొంటే డబ్బు దేశంలోనే ఉంటుంది కదా?" అని ఆయన పట్టు.

ఈ తగువు రాయలనాటిది. అప్పుడు వాహనమంటే గుర్రం. మేలుజాతివి అరేబియా, పర్షియాల నుంచి ఓడల్లో భట్కల్, గోవా రేవులకు దిగేవి. ఊరి తట్టువలతో సరిపెట్టుకోమని రాయలు అనలేదు. రేవులను బాగుచేయాలని, గుర్రాలు తెచ్చే పరదేశి వర్తకులను మంచి చేసుకోవాలని, లేకపోతే ఆ సరుకు శత్రువుకు చేరుతుందని ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పారు. తర్వాతి నాలుగు శతాబ్దాలను ఒక్క గెంతులో దాటేద్దాం.

1928లో జనరల్ మోటార్స్ బొంబాయిలో విడిభాగాలు తెచ్చి కార్లు బిగించడం మొదలుపెట్టింది. 1953లో ప్రభుత్వం, ఇక్కడే తయారుచేసేవాళ్లకే చోటు అంది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాయి. బిర్లాల అంబాసిడర్‌కు రాజయోగం పట్టింది. అదీ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డే, పేరు మార్చుకుంది. డబ్బు దేశంలోనే ఉంది, కాదనను. దాంతోపాటు 1950ల నాటి డిజైనూ ఉండిపోయింది.

నాకు ముచ్చటైన కథ మారుతిదే. 1982లో సుజుకీకి ఇచ్చింది 26 శాతం వాటా మాత్రమే, తక్కినది సర్కారుది. 47,500 రూపాయల ఆ బుల్లి కారులో మొదట్లో చాలా భాగాలు జపాన్ నుంచి దిగినవే. స్వదేశీవాదులకు అంతకంటే ఏం కావాలి, దుమ్మెత్తిపోయడానికి! భాగాలను అంచెలంచెలుగా ఇక్కడే చేయించాలన్న షరతు అప్పటికే ఉంది. దానికి తోడు 1985 తర్వాత యెన్ విలువ అమాంతం పెరిగి, దిగుమతి సరుకు నిప్పులా మండింది. దేశభక్తి తొందరపెట్టిందో లేదో గానీ, మారకం రేటు మాత్రం తరిమింది. స్టీరింగులు, సీట్లు చేసే సంస్థల్లో మారుతి తానే వాటా పెట్టి, వాటికి జపాన్ సాంకేతికత ఇప్పించి, గుడ్‌గావ్ చుట్టూ నిలబెట్టింది. మేనేజరూ కార్మికుడూ ఒకే యూనిఫాం వేసుకుని, ఒకే క్యాంటీన్లో తిన్నారు. మన దొరతనానికి అది పెద్ద దెబ్బే. ఆ చిన్న కార్ఖానాలు నేర్చిన పని తర్వాత వచ్చిన కంపెనీలన్నింటికీ అక్కరకొచ్చింది. 1998లో టాటాలు ఇండికాను తెచ్చేనాటికి భాగాలు చేసిచ్చే చేతులు దేశంలో ఉన్నాయి. నా లెక్కలో మారుతి మిగిల్చిన ఆస్తి అదే.

ఇక్కడి నుంచి కథ చిక్కుపడుతుంది. 2002లో మారుతి సుజుకీ చేతికి పోయింది, 2007కల్లా సర్కారు పూర్తిగా తప్పుకుంది. లాభాల్లో పెద్ద వాటా, రాయల్టీ జపాన్‌కు. జీతాలు, పన్నులు ఇక్కడ. 2008లో టాటాలు జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను కొన్నారు: యజమాని బొంబాయిలో, కూలి ఇంగ్లండులో. తళ్ళికోట యుద్ధంలో ఓడాక రాయల వారసులు తలదాచుకున్న పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కొరియా కియా కార్లు తయారవుతున్నాయి. ఆ ఊరి కుర్రాడి జీతం బావగారి లెక్కలో ఏ పద్దు కింద రాయాలి?

ముందుభాగాన బిళ్ల ఎవరిదని కాదు, భాగాలెక్కడివి, లాభం మళ్లీ ఇక్కడే పెట్టుబడి అవుతోందా అని అడగమన్నాను. ఆయన ఎలక్ట్రిక్ కార్ల వైపు చూస్తున్నారట. ఎంజీ అనేది బ్రిటిష్ పేరు, చైనా కంపెనీ సొత్తు, 2023 నాటి ఒప్పందంతో జిందాల్ భాగస్వామి, ఫ్యాక్టరీ గుజరాత్ హాలోల్‌లో. పోనీ టాటాదే తీసుకుందామంటే, బ్యాటరీ సెల్స్ ఎక్కడివో షోరూంలో అడగాలి.