అడ్డం, నిలువు, అత్తగారు

వారపత్రిక రాగానే మీ ఇంట్లో ముందు ఏ పేజీ తెరుస్తారు? మా ఇంట్లో గళ్ళ నుడికట్టు. మొదటి వంతు మా అత్తగారిది. పెన్సిలు చెక్కుకుని మరీ కూర్చునేవారు. నీటికాసుల జబ్బుతో చూపు తగ్గాక, ఆ సన్న అంకెలు ఆనక, "మీరే పూరించుకోండమ్మా" అని పత్రిక పక్కన పెట్టేశారు. ఆవిడకు మాటలు తోచక కాదు సుమండీ! అప్పట్నించే నాకీ ఆటల చరిత్ర తెలుసుకోవాలనిపించింది.

ఈ గళ్ళ ఆటకు నూరేళ్ళు దాటాయి. 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన దీన్ని మొదట అచ్చువేయించారు. 1924లో పుస్తకంగా వచ్చినప్పుడు దానికి ఓ పెన్సిలు కూడా తగిలించి అమ్మారు. అచ్చు ఆననివాళ్ళకు ఆ పెన్సిలెందుకు చెప్పండి? తెలుగులోనూ శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు ఈ గళ్ళు కూర్చారు.

మన పాత ఆటల్లో ఈ చిక్కు లేదు. పొడుపు కథకు కాగితంతో పనిలేదు. అవధానంలో నిషిద్ధాక్షరి చూడండి. అవధాని ఒక్కో అక్షరం వేయబోతుంటే పృచ్ఛకుడు ఫలానాది వద్దంటాడు. అంతా చెవిమీదా, జ్ఞాపకంమీదా నడిచేదే.

ఫ్రాన్సులో చిన్ననాడే చూపు పోగొట్టుకున్న లూయీ బ్రెయిల్ 1829లో తన చుక్కల లిపిని ప్రకటించాడు. మన దేశభాషలన్నిటికీ ఒకే బ్రెయిల్ పద్ధతి కుదిరింది మాత్రం 1951లో. అందులో ఒక తిరకాసుంది. నుడికట్టులో 'స్త్రీ' అన్న మాటను మనం ఒక్క గడిలో ఇరికించేస్తాం. బ్రెయిల్‌లో ఒత్తు కిందకు వేలాడదు, గుడి నెత్తికెక్కదు. హల్లులు, పొల్లు గుర్తులు, అచ్చు అన్నీ వరసగా విడివిడిగా రాయాలి. ఆ ఒక్క 'స్త్రీ'కే ఆరు గడులు! అందుకని ఇంగ్లీషు గళ్ళు చుక్కల్లోకి మారినంత తేలిగ్గా మన గళ్ళు మారవు. గడి కొలత దగ్గరే ఆలోచన మొదలుపెట్టాలి.

స్క్రాబుల్ సంగతి నాకు బాగా నచ్చింది. 1930లలో ఉద్యోగం పోయిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా ఇంజనీరింగు చిత్రకారుడు, కాదు కాదు, భవనాల నమూనాలు గీసే ఆయన కల్పించిన ఆట ఇది. 225 గళ్ళు, 100 బిళ్ళలు. తర్వాత దీనికే బ్రెయిల్ చుక్కల బిళ్ళలూ, గడిచుట్టూ గట్టుకట్టిన పలకా వచ్చాయి. వేళ్ళతో తడిమినా బిళ్ళ జారదు. చూపున్నా చేతులు వణికే పెద్దలకు ఆ గట్లే హాయి.

2021లో వచ్చిన 'వర్డిల్' పిల్లల ఫోన్లలో మీరూ చూసే ఉంటారు. అక్షరం సరైన చోట పడితే ఆకుపచ్చ, చోటు తప్పితే పసుపు. మరి ఆ రెండు రంగులకూ తేడా తెలియనివాళ్ళో? వాళ్ళకోసం నారింజ, నీలం రంగులు ఎంచుకునే వీలు పెట్టారు. ఫలితాన్ని చదరాల బొమ్మలుగా స్నేహితులకు పంపితే మాత్రం, చదివి వినిపించే ఫోను "ఆకుపచ్చ చదరం, పసుపు చదరం" అంటూ ముప్ఫయిదాకా అప్పజెబుతుంది. వినేవాళ్ళ ఓపిక ఏం కాను?

మా ఇంట్లో ఇప్పుడు నేను ఆధారం చదువుతాను. ఎన్ని అక్షరాలో, ఎన్నోది ఏదొచ్చిందో చెబుతాను. అత్తగారు వేళ్ళు ముడుచుకుంటూ మనసులోనే గళ్ళు పేర్చుకుంటారు. మొన్న అడ్డం పదకొండుకు నాలుగక్షరాలన్నాను. కాసేపు ఊరుకుని, "గళ్ళు మళ్ళీ లెక్కపెట్టమ్మా" అన్నారు.

చూస్తే అయిదు.