సూత్రము నుండి దారిపట్టె వఱకు

వార్షిక మహాసభల సంచికలయందు పూర్వుల కీర్తిని స్మరించుట మన వాడుక. గోపురములను గూర్చియు, రథములను గూర్చియు, విగ్రహములను గూర్చియు పెద్దలు పలుమాఱులు వ్రాసియున్నారు. మేము ఈ పర్యాయము అట్టి మహావస్తువును గాక, వడ్రంగి తన యింటి చావడిలో తానే చేసికొనెడి యొక చెక్కపట్టెను గూర్చి వ్రాయ సంకల్పించితిమి. వస్తువు చిన్నది, దాని వంశము మాత్రము చిన్నది కాదు.

తుమ్మలపల్లె కడపజిల్లాలో పులివెందుల ప్రాంతమున, వేముల మండలమునందలి గ్రామము. 2012 నుండి ఆ యూరిపేరు యురేనియము గనివలన దేశమంతట వినబడుచున్నది. కాని పేరు చెట్టుది. మెట్టసీమ వడ్రంగికి తుమ్మ కల్పవృక్షము. నాగలికి తుమ్మ, గుంటకకు తుమ్మ, బండిచక్రపు ఆకులకును పూటీలకును తుమ్మ. కడప యను పేరు గడప యను మాటనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. గడపను చేయువాడు వడ్రంగి. కావున చెట్టుపేరుగల యూరును, గడపపేరుగల జిల్లాయును మనవారి వృత్తికి దగ్గఱి చుట్టములే.

ఆ వృత్తి నేడెట్లున్నది? ట్రాక్టరు వచ్చి నాగలిని గోడకు చేర్చెను. రబ్బరు టైర్లు చక్రపు పనిని తీసికొనెను. మిద్దెయిండ్లకు దూలములు, దంతెలు పేర్చు పని సిమెంటు కప్పుతో పోయెను. మిగిలినది ద్వారబంధము. ఇప్పుడు దానికిని పట్టణములనుండి సిద్ధపు తలుపులు, ప్లాస్టిక్కు చట్రములు వచ్చుచున్నవి. ఇల్లు కట్టువాడు పల్లె వడ్రంగిని అడుగునది ఒక్కటే: నాలుగు ద్వారబంధములు ఒకదానివలె నొకటి ఉండునా, ఉండవా?

ద్వారబంధమునకు ప్రాణము దాని గాడి. నిలువు పొడవున, ఏడడుగుల మేర, తలుపు కూర్చుండుటకు అరయంగుళము లోతున ఒక మెట్టు తీయవలెను. ఆ మెట్టు అరనూలు వంకరపోయినను తలుపు సరిగా నానదు. ఎండకాలమున సందు చూపును, వానకాలమున పట్టుకొనును. పూర్వము దీనిని ఉలితోను, గాడి తీయు చిత్రికతోను చేసెడివారు. నేడు రౌటరు యను విద్యుద్యంత్రము వాడుకలోనికి వచ్చెను. దాని బిట్టు నిమిషమునకు పదివేలు మొదలు ముప్పదివేల వఱకు చుట్లు తిరుగును. బలము మెండు, త్రోవ మాత్రము దానికి తెలియదు. ఆ త్రోవ చూపు పట్టెనే మేము దారిపట్టె యనుచున్నాము.

ఇది క్రొత్తది యని కొందఱు తలంతురు. అది నిజము కాదు. మయమతము శిల్పులను నాలుగు తెఱగులుగా చెప్పినది: స్థపతి, సూత్రగ్రాహి, వర్ధకి, తక్షకుడు. వీరిలో సూత్రగ్రాహి యనగా సూత్రమును పట్టువాడు. చెక్కు తక్షకునికిని కూర్చు వర్ధకికిని ముందుగా సూత్రము పట్టువాని పేరు వచ్చుట గమనింపదగినది. రంగులో ముంచిన దారమును దుంగపై బిగించి, నడుమ నెత్తి విడిచినచో తిన్నని గీత పడును. చేయి వణకవచ్చును గాని బిగించిన దారము వణకదు. వడ్రంగి తన చేతికంటె తిన్ననిదానిని చేతికి గురువుగా నిలిపిన మొదటి యుపాయమది. పిమ్మట గీతను చూచుచు కోయుటకు బదులుగా, పనిముట్టునే ఒక అంచున కానించి నడుపు నుపాయము వచ్చెను. చిత్రిక యట్టిదే: దాని అడుగే దానికి దారి. క్రీ. శ. 79 లో బూడిదలో మునిగిన పాంపేయి పట్టణమున సయితము చిత్రికలు దొరకినవి. ప్రక్కన అంచుపలక గల గాడిచిత్రిక ఈ వంశమున నింకొక మెట్టు.

ఇంగ్లండులో ఈ యుపాయము మఱియొక రూపము దాల్చెను. 1800 ప్రాంతమున హెన్రీ మాడ్‌స్లే యను పనివాడు లోహమును చెక్కు ఉలిని చేతినుండి తీసి, ఇనుపదారిపై జరుగు పీటకు బిగించెను. పిమ్మట మార్క్ ఇసాంబార్డ్ బ్రునెల్ కల్పనమున, మాడ్‌స్లే చేసిన నలుబదికి పైగా యంత్రములు పోర్ట్స్‌మత్ నౌకాశ్రయమున ఓడల కప్పీలను చేయ మొదలిడెను. 1808 లో అక్కడ తయారైన కప్పీలు ఏటికి 1,30,000. 110 మంది నేర్పరులు చేయు పనిని 10 మంది సామాన్యులు చేసిరని ప్రసిద్ధి.

ఈ లెక్కను మనవారు రెండుమాఱులు చదువవలెను. తిన్నదనము మనుష్యుని చేతినుండి ఇనుపదారిలోనికి పోయెను; ఆ దారి పనివానిది కాదు, కార్ఖానాది. అందుచే నూర్గురి నేర్పు వెలలేనిదయ్యెను. దోషము దారిదా? కాదు. దారి యెవని సొత్తు అన్నదే ప్రశ్న. కార్ఖానా చేతిలో నున్న పట్టె పనివానిని వెడలగొట్టును; పనివాడు తన చేతులతో చేసికొనిన పట్టె వానిని నిలువబెట్టును. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దిదియే.

1962 లో జర్మనీదేశపు ఫెస్టో సంస్థ చేతిరంపపుయంత్రమునకు లోహపుదారిని చేసి యమ్మెను. నేడు అట్టివి మనదేశమునను దొరకును గాని వాని వెల పల్లెవానికి భారము. తుమ్మలపల్లె వంటి యూళ్లలో వడ్రంగులకు తగిన మార్గము, మిగులు ప్లైవుడ్డుతో తామే చేసికొనుట. ఆ విధము మేము చేసిచూచినదే గనుక యువకుల కుపయోగించునని వివరించుచున్నాము.

మొదట ఎనిమిదడుగుల పొడవు, మూడంగుళముల వెడల్పు గల యొక పట్టె కావలెను. కారు ముదిరి బాగుగ నెండిన టేకైనను, మందపు ప్లైవుడ్డైనను సరియే. పచ్చికఱ్ఱ మన యెండలకు మెలితిరుగును. పట్టె తిన్ననిదో కాదో తెలియుటకు కొలబద్ద యక్కఱలేదు. దాని అంచున నొక గీత గీసి, పట్టెను బోర్లించి అదే అంచును ఆ గీతకే చేర్చి మఱల గీయవలెను. రెండు గీతలు ఒకటైనచో పట్టె తిన్ననిది. నడుమ సందు కనబడినచో వంకర దానిలో సగము. అబద్ధమాడని పరీక్ష యిది.

పిమ్మట పలుచని ప్లైవుడ్డు పలకను పదియంగుళముల వెడల్పున తీసికొని, దానిపై ఎడమయంచున ఆ పట్టెను జిగురుతోను మరలతోను బిగింపవలెను. కుడివైపున యంత్రపు అడుగునకు పట్టు చోటికంటె కొంత యెక్కువ పలక మిగిలియుండవలెను. ఇప్పుడు యంత్రమును పట్టె కానించి ఒక్కమాఱు చివరివఱకు నడుపవలెను. మిగులుపలక తెగిపోవును. తెగిన యంచు బిట్టు నడచు చోటును రవ్వంతయు తప్పక చూపును. యంత్రము తన దారిని తానే కోసికొనెనన్నమాట! ఇకమీదట లెక్కలు లేవు. ఆ యంచును గీతపై నుంచి క్లాంపులతో బిగించినచో, బిట్టు గీత కుడిప్రక్కనే నడచును. బిట్టు మార్చినచో పలకయు మార్చవలెను. పలక మందము లోతులో తగ్గునని మఱవరాదు. ద్వారబంధపు నిలువులు రెంటిని ప్రక్కప్రక్కన పెట్టినచో పలకకు మంచి ఆధారము దొరకును. ఒక్కమాఱే అరయంగుళము దిగక, రెండుమూడు తోపులలో దిగవలెను.

మఱియొక హెచ్చరిక మా తప్పునుండి నేర్చినది. బిట్టు పైనుండి చూచినచో గడియారపు ముల్లువలె తిరుగును. కావున ముందునకు తోయునపుడు పట్టె మన యెడమవైపున నుండవలెను. అపుడు కఱ్ఱ యెదురుదెబ్బ యంత్రమును పట్టెకే ఒత్తును. మేము ఒకమాఱు తొందరపడి, బీరువా ప్రక్కపలకకు గాడి తీయుచు తిరుగుదారిని వెనుకకు లాగితిమి. యంత్రము పట్టెను విడిచి దుమికెను; గాడి వెడల్పై పలక చెడెను. చేయి చెడలేదు, అంతే మేలు. యంత్రమును నమ్మినవాడు దాని తిరుగుడును ముందుగా తెలిసికొనవలెను.

“మా తాతలు పట్టె లేకయే చేయలేదా?” యని వృద్ధులు కొందఱు ప్రశ్నింతురు. వారి చేతినేర్పునకు మేము శిరసు వంతుము. కాని వారును దారము వేయక దుంగను చెక్కలేదు. మూలమట్టము లేక మూల కూర్పలేదు. సూత్రము వారి దారిపట్టె. దారిపట్టె మన సూత్రము. పట్టె నేర్పునకు బదులు కాదు; ఏ కఱ్ఱ యెటు పాకునో, కుసి బెజ్జములో నెంత బిగువుండవలెనో పట్టె చెప్పదు. అది వడ్రంగియే తెలియవలసినది.

మనలో మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులను ఐదు శాఖలు కలవు. ఇనుము, కఱ్ఱ, కంచు, రాయి, బంగారము వేఱైనను తిన్ననిగీత అందఱికిని ఒకటే. అయినను మన పెద్దల యుపాయములెన్నో వ్రాతలేక, వారితోనే కాటికి పోయినవి. 2023 సెప్టెంబరు 17 న కేంద్రప్రభుత్వము విశ్వకర్మ పథకమును 18 వృత్తులవారికై ప్రారంభించి, పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణదినములకు రోజునకు 500 రూపాయల భృతి యేర్పఱచెను. పనిముట్టు వచ్చుట మంచిదే. దానిని నడుపు బుద్ధి మనలోనుండి రావలెను.

కావున పోషకమహాశయులకు మా విన్నప మొక్కటి. ఏటేట మహాసభలయందు సన్మానములతోపాటు ఒక పూట పనికి విడువుడు. ఒక బల్ల, ఒక యంత్రము, నాలుగు ప్లైవుడ్డు ముక్కలు చాలును. ఊరికొక యువకుడు తన దారిపట్టెను తానే చేసికొని, చంకనిడుకొని యింటికి పోవునట్లు చేయుడు. వాడు మఱునాడు చేయు ద్వారబంధములు ఒకదానివలె నొకటి యుండును. తలుపు చప్పుడులేక మూసికొనును. ఆ యింటివారు రెండవమాఱును మనవాని గడపకే వత్తురు.