ఆల్విన్ తాళంచెవి

పోయిన నెల మా చిన్నదాన్ని తీసుకుని పటాన్‌చెరు నుంచి సిటీ బస్సులో వెళ్తున్నాను. మియాపూర్ దగ్గరకొచ్చేసరికి కండక్టర్ "ఆల్విన్, ఆల్విన్ దిగేటోళ్లు రండి" అని అరిచాడు. మా పిల్ల నా మోచెయ్యి గిల్లి, "అమ్మా, ఆల్విన్ అంటే ఆ పాటలు పాడే ఉడత కదా? దాని పేరు బస్‌స్టాప్‌కి ఎందుకు పెట్టారు?" అంది. వెనక సీట్లో ఎవరో పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది కానీ వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇరవయ్యేళ్లకు పైగా ఆ చౌరస్తా మీదుగా తిరుగుతున్నాను. ఆల్విన్ అంటే మా ఇంటి ఫ్రిజ్ అనే తెలుసు. ఫ్రిజ్ పేరు చౌరస్తాకు ఎందుకుందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

మా దారి పేర్లన్నీ ఇంతే. లక్డారం నుంచి కంకర లారీల దుమ్ములో ముంబై రోడ్డెక్కితే చాలు, పటాన్‌చెరు దాటాక ఇక్రిశాట్, ఆ తర్వాత బీహెచ్ఈఎల్. సిటీ ఆ చివరకు పోతే ఈసీఐఎల్ చౌరస్తా. ఊరి పేర్లు, దేవుళ్ల పేర్లు ఉండాల్సిన చోట ఫ్యాక్టరీల పేర్లు, సంస్థల పేర్లు. వాటిలో బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్ ఇంకా ఉన్నాయి. ఆల్విన్‌కు మాత్రం పేరే మిగిలింది.

ఇంటికొచ్చాక మా ఆయన్ని అడిగి, దొరికినంత చదివాను. బీఏ తెలుగు చదివినదాన్ని, ఫ్రిజ్‌ల చరిత్ర చదువుతానని కలలో కూడా అనుకోలేదు.

హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ 1942లో మొదలైంది. అప్పటికింకా నిజాం రాజ్యం, బయట రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. నిజాం సర్కారుకు పరిశ్రమల కోసం 1929లో పెట్టిన ఒక నిధి ఉండేది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకీ, సిర్పూర్ కాగితం మిల్లుకూ సాయం చేసిన నిధి అదే. ఆ నిధీ, అల్లాదీన్ కంపెనీ వాళ్లూ కలిసి దీన్ని పెట్టారు. ఇనుప బీరువాలు, కుర్చీలు, బల్లలు చేశారు, బస్సులకు బాడీలు కట్టారు. మన ఆర్టీసీ బస్సుల్లో ఎన్నిటికో ఒళ్లు తొడిగింది ఆల్వినే. తర్వాత రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయింది. సనత్‌నగర్‌లో ఫ్రిజ్‌లు తయారయ్యేవి. 1980లలో జపాన్ సైకో కంపెనీ సాంకేతిక సాయంతో చేతి గడియారాలు కూడా చేశారు. "ఆల్విన్ ట్రెండీ" గుర్తుందా? మా చిన్నాన్న పదో తరగతి పాసైనప్పుడు కొనిచ్చారట, స్నానానికి వెళ్లేటప్పుడు కూడా విప్పేవాడు కాదు. అంతటితో ఆగకుండా నిస్సాన్ వాళ్లతో కలిసి మన జహీరాబాద్‌లో చిన్న ట్రక్కులు కూడా చేశారు. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు మహీంద్రా వాళ్లది.

బీరువా చేసినవాళ్లే బస్సు, బస్సు చేసినవాళ్లే ఫ్రిజ్, ఫ్రిజ్ చేసినవాళ్లే గడియారం! మొదట నాకు విడ్డూరంగా అనిపించింది. కాస్త ఆలోచిస్తే బీరువాకూ బస్సుకూ ఫ్రిజ్‌కూ పైతొడుగు ఒకటే, వంచి, అతికించి, రంగేసిన ఇనుప రేకు. మా ఇంటి ఆల్విన్ తలుపు వేస్తే బీరువా తలుపులాగే దభీమని పడేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఇక మా ఇంటి ఫ్రిజ్ సంగతి. 165 లీటర్లది, లేత నీలం రంగు. నేను కొత్త కోడలిగా వచ్చేసరికి ముందుగదిలో, ఫోటోల పక్కన, కుట్టుగుడ్డ కప్పుకుని కూర్చునుంది. అప్పట్లో చాలా ఇళ్లల్లో ఫ్రిజ్ వంటింట్లో ఉండేది కాదు, వచ్చినవాళ్లకు కనబడాలి కదా. పైగా సర్కారు దాన్ని విలాస వస్తువు కింద కట్టి పన్ను గట్టిగా వేసేది. అంత పోసి కొన్నదాన్ని పొగలో పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? టీవీ దాని పక్కనే. అదీ హైదరాబాద్‌దే, ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ. 1987లో ఆదివారం పొద్దున రామాయణం వచ్చే వేళకు వాడకట్టంతా ఆ గదిలోనే ఉండేదని చెప్తారు.

నాకు కళ్లల్లో కారం కొట్టింది మాత్రం ఆ ఫ్రిజ్ తాళం. పాత ఫ్రిజ్‌లకు పిడి దగ్గర తాళం ఉండేది, గుర్తుందా? మా అత్తమ్మ రోజూ తాళం వేసి, చెవి కొంగుకు కట్టుకునేది. పాలు కావాలన్నా అడగాలి, పచ్చిమిరపకాయలు కావాలన్నా అడగాలి. ఇరవై రెండేళ్ల పిల్లని, ఎంత ఏడ్చానో. కోడలు పెరుగు తినేస్తుందనా అని మా అమ్మకు ఫోన్‌లో చెప్పుకున్నాను కూడా. ఆ కోపం చాలా ఏళ్లే మోశాను. ఒకసారి ఐస్ గడ్డకట్టి తలుపు పడకపోతే, బటన్ నొక్కి కరిగేదాకా ఆగే ఓపిక లేక కత్తితో పొడిచాను. బుస్సుమని గ్యాస్ పోయింది. అత్తమ్మ ఒక్క మాట అనలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది. ఇంకెంత పిసినారితనం అనుకున్నాను.

మళ్లీ గ్యాస్ పట్టించాం, ఇంకొన్నేళ్లు నడిచింది. తర్వాత రెండు తలుపులది కొన్నాం. ఇది చాలా కాలం పిండి డబ్బాలు దాచుకునే బీరువా అయింది. బీరువా కంపెనీదే కదా, పుట్టింటికి చేరిందనుకోండి.

బస్సులో సంగతి జరిగిన వారానికి పాత సామాన్లవాడు వచ్చాడు. కాంటా వేసి తొమ్మిది వందలన్నాడు. ఇచ్చేస్తున్నామని అత్తమ్మకు చెప్పాను. ఆమెకిప్పుడు డెబ్బై దాటాయి. "గది పోతే పోనియ్యి బిడ్డా. తాళంచెవి మాత్రం నాకియ్యి" అంది. ఎందుకత్తమ్మా అని అడిగితే అప్పుడు చెప్పింది, ఇన్నేళ్లకు.

1988లో మామయ్యకు షుగర్ బాగా పెరిగి ఇన్సులిన్ మొదలుపెట్టారట. సీసా చల్లగా ఉండాలన్నాడు డాక్టర్. ఇంట్లో ఉన్న చల్లదనం ఒక్కటే, రంజన్. చిన్న కుండలో సీసా పెట్టి, తడిగుడ్డ చుట్టి, రంజన్ పక్కన ఇసుకలో పెట్టేవారు. ఎండాకాలంలో గంటకోసారి గుడ్డ తడిపేది ఆమె. రాత్రి కూడా లేచి తడిపేది. ఒక మే నెలలో నిద్ర పట్టేసి లేవలేదు. ఆ సీసా పాడైందో లేదో తెలియదు, పారేస్తే ఇంకోటి కొనే పైసలు లేవు. అదే వేశారు. రెండు రోజులకు మామయ్యను ఆస్పత్రిలో చేర్చారు. బతికొచ్చాడు. ఆ నెలలోనే పాడిబర్రెను అమ్మి ఫ్రిజ్ కొన్నది.

"పోరగాండ్లు ఐస్ కోసం ఊకె తెరుద్దురు. కరెంటు ఉంటే ఉండె, లేకుంటే లేకపాయె. ఒక్కపాలి తలుపు తీస్తే సల్లదనమంతా బయటికే. అందుకే తాళమేసిన" అంది. వాడకట్టులో ఇంకో ఇద్దరి సీసాలు కూడా అందులోనే ఉండేవట. మామయ్య 1999లో పోయాడు, ఫ్రిజ్ వచ్చాక పదకొండేళ్లు బతికి. నేను వచ్చింది ఆ తర్వాత. తాళం వేసే అలవాటు మాత్రం ఆమె చేతికి ఉండిపోయింది. నేను కత్తితో పొడిచింది దేన్నో అప్పుడు తెలిసింది నాకు. ఎందుకు చెప్పలేదత్తమ్మా అంటే, "నువ్వడగలే" అంది. నిజమే, నేను అడగలేదు. మా అమ్మకు మాత్రం ఫోన్ చేశాను.

ఆల్విన్ కథ కూడా అదే కాలంలో ముగిసింది. నష్టాలు పెరిగాయి, 1991 తర్వాత బజారు అందరికీ తెరుచుకుంది. 1990లలోనే ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి పోయింది. ఆ వెనకే కొరియా కంపెనీలు వచ్చాయి. గడియారాలూ ఆగిపోయాయి. సర్కారు నడిపింది కాబట్టే మునిగిందని మా ఆయన అంటారు. కావచ్చు. కానీ మా ఆయన పనిచేసిన ప్రైవేటు ఫ్యాక్టరీ కూడా ఒకటి ఈ బెల్టులోనే మూతపడింది. ఎనిమిది నెలలు ఇంట్లో జీతం లేదు. దాని పేరు ఏ బస్‌స్టాప్‌కూ లేదు కాబట్టి ఇక్కడ రాయను.

ఇంకొక్క మాట. ఆ కాలపు ఫ్రిజ్‌లలో ఆర్-12 అనే గ్యాస్ ఉండేది. ఓజోన్ పొరకు చిల్లు పెట్టే రకం. దాన్ని మాన్పించడానికి 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం రాసుకున్నారు, మన దేశం 1992లో చేరింది. ఒకరి ప్రాణం నిలిపిన పెట్టెలోదే ఆకాశానికి చిల్లు పెట్టే గ్యాస్. నా కత్తిపోటుకు బుస్సుమన్నది అదే అయ్యుంటుంది. ఇది మా పిల్లకు చెబితే, "అయితే ఓజోన్ చిల్లులో నీ వాటా కూడా ఉందన్నమాట" అంది.

పాత సామాన్లవాడు ట్రాలీ మీద తాళ్లు బిగించి తీసుకుపోయాడు. అత్తమ్మ గుమ్మం దాకా కూడా రాలేదు. తాళంచెవి ఇప్పుడు ఆమె పోపుల డబ్బాలో, ఇంగువ పక్కన ఉంది. మొన్న పోపు వేస్తూ చూసుకోకుండా గరిటెతో దాన్నే తీశాను.