విమానపు అసలు రంగు

ఖమ్మం దాటి భద్రాచలము వైపు అడవిదారిన పోవునప్పుడు పాత ఇండ్ల టేకు తలుపులను గమనింపుడు. పండుగ పండుగకు పూసిన రంగు పెచ్చులూడిన చోట ఆకుపచ్చ క్రింద నీలము, నీలము క్రింద కావిరంగు కానవచ్చుచుండును. ఈ తలుపు అసలు రంగేది అని మనుమడు అడిగినచో తాతగారేమి చెప్పవలెను? మూడును అసలువే. ఒక్కొక్కటి ఒక్కొక్క కాలమునది.

యుద్ధవిమానముల విషయమునను ఇదే ప్రశ్న పుట్టుచున్నది. విశాఖపట్టణ సముద్రతీరమున ఒక సీ హారియర్ జెట్ విమానమును ప్రజల దర్శనార్థము నిలిపియున్నారు. ఈ జాతి విమానములు 1983 డిసెంబరులో గోవా చేరి, 2016 మే నెలలో మన నౌకాదళ సేవనుండి విశ్రాంతి పొందినవి. వచ్చిన నాడు వాని పైభాగము మిక్కిలి ముదురు బూడిదవన్నె, క్రిందిభాగము తెలుపు. తరువాతి కాలమున ఒడలంతయు బూడిదవన్నెయే అయ్యెను. గోదావరి చేపకు వీపు నలుపు, పొట్ట తెలుపు ఉండుటలోని రహస్యమే ఆ మొదటి పూతలోను కలదు. పైనుండి చూచు శత్రువునకు సముద్రములోను, క్రిందినుండి చూచువానికి ఆకాశములోను విమానము కలిసిపోవలెను.

వీనికి ముందు ఆ 'తెల్లపులుల' దళమువారే సీ హాక్ జెట్లను నడిపిరి. 1971 డిసెంబరు యుద్ధమున విక్రాంత్ నౌకనుండి బంగాళాఖాతముపై కెగిరి కాక్స్ బజారు, చిట్టగాంగులపై దాడి చేసినవి అవియే. వాని పొట్టరంగు పేరు 'స్కై'. ఆ పేరు విని నీలము పూసినచో పొరపాటే. అది లేత పచ్చచాయ గల పాలిపోయిన వన్నె. అందుచేతనే బ్రిటిషు ప్రమాణముల పట్టికలో ప్రతి రంగునకు ఒక సంఖ్య నిచ్చిరి. స్కై 210, ఎక్స్‌ట్రా డార్క్ సీ గ్రే 640.

మరి నిజము తెలిసికొనుట యెట్లు? కాగితములు ఆజ్ఞను తెలుపును గాని, ఆ ఆజ్ఞ ఎట్లు అమలైనదో తెలుపవు. నలుపు తెలుపు ఛాయాచిత్రమున రెండు వేర్వేరు రంగులు ఒక్కటిగానే కానవచ్చును. రంగుల చిత్రము ఏండ్లు గడచిన కొలది తానే వెలిసిపోవును. కావున చివరకు విమానమునే అడుగవలెను. ఎండ తగులని మూతల అడుగున, రేకుల అతుకుల చాటున, రూపాయి బిళ్ళంత చోట సన్నని గరుకు కాగితముతో ఏటవాలుగా రుద్దినచో, చెట్టు మ్రానును కోసినప్పుడు వలెనే వలయములు బయటపడును. నడుమ లోహము, దాని చుట్టును తుప్పు నరికట్టు తొలిపూత, ఆపై ఒక్కొక్క కాలపు రంగు. అవి వరుసగా పలుకు సాక్ష్యమును సూక్ష్మదర్శినితో చూచి, ప్రమాణపు రంగుబిళ్ళలతో పగటి వెలుతురున పోల్చి చూతురు.

ఇచట ఒక ప్రమాదము కలదు. కడలి ఉప్పుగాలి లోహమును తినివేయును గనుక ప్రదర్శనలోని విమానమునకు మరల మరల రంగు వేయక తప్పదు. అంతకుముందు పాత పూతనంతయు గీకివేసినచో ఆ సాక్ష్యము ఎన్నటికిని తిరిగి రాదు. విమానమును తుడిచి, మరమ్మతు చేసి, నౌకపైనుండి పంపిన వారు ముసలివారై మనుమలతో వచ్చి చూచునప్పుడు, తాము పనిచేసిన విమానము వారికి అందు కనబడకపోవచ్చును. కనుక గీకుటకు ముందు కొలిచి వ్రాసికొనుట, కొంతమేర పాతపూతను తాకక విడుచుట, ఇది ఫలాని సంవత్సరపు రంగు అని పలకపై చెప్పుట న్యాయము. అన్ని కాలములను ఒకేసారి చూపుట ఎవరితరము కాదు గదా!

వచ్చే పండుగకు మీ తలుపు గీకించునప్పుడు, మూలను అరచేతి మేర అట్లే విడువుడు. తాతగారి కాలము అందు దాగియుండును.