ఘాట్ కింద సుంకం

సాలూరులో లారీ ఓనర్లు కలిస్తే ముందు నడిచేది కిరాయి లెక్కే. డీజిల్ ఎంత పడుతుంది, దారిలో గేట్లెన్ని, తిరుగు లోడు దొరుకుతుందా. రాయ్‌పూర్ వైపు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరు దాటగానే ఘాటెక్కి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ చేరుతుంది. ఇంతకుముందు అది 43వ నంబరు. టోల్ పెరిగితే రవాణాదారు ఏం చేస్తాడన్నది ఈ తోవలో చాలా పాత ప్రశ్న.

సుంకాన్ని అతిగా పెంచితే వర్తకుడు వేరే రేవు చూసుకుంటాడని మన పాలకులకు ఎప్పుడో తెలుసు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం సముద్ర వర్తకుల దగ్గర ముప్పయ్యో వంతు మాత్రమే తీసుకుంటామని మాటిచ్చింది. కొండల్లో పెరికెద్దుల బిడార్లు నడిపిన బంజారాలు తీరం నుంచి ఉప్పు మోసుకుని జయపురం, బస్తర్ దాకా వెళ్లేవారు. హద్దు మారితే మళ్లీ సుంకం. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకుని లాభం లేదన్న సామెత అలాంటి తోవల్లోనే పుట్టి ఉంటుంది. అయితే ఎద్దుకు రోడ్డు అక్కర్లేదు. ఒక కనుమలో భారమైతే ఇంకో కనుమ పట్టవచ్చు. చివరికి మద్రాసు ప్రెసిడెన్సీ 1844లో లోపలి రవాణా సుంకాలను ఎత్తేసింది.

సుంకం పోయినా తోవ ఉచితం కాలేదు. గూడెం ప్రాంతంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చాలీచాలని కూలికి గిరిజనుల చేత ఘాట్ రోడ్డు పనులు చేయించాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడడం వెనుక ఆ రోడ్డు కసి కూడా ఉంది. కొండ రోడ్లకు మొదటి టోల్ కట్టింది అక్కడ రాళ్లు కొట్టినవాళ్లేనని నా నమ్మకం.

రోడ్డును వదిలి పోయిన సరుకూ ఉంది. 1960ల్లో అరకు మీదుగా కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వచ్చి బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని తీసుకుపోయింది. తర్వాత 267 కిలోమీటర్ల గొట్టపుమార్గం ఖనిజాన్ని బురదగా మార్చి విశాఖ చేర్చింది. రాష్ట్ర సరిహద్దులో లారీలు బారులు తీరిన అమ్మకం పన్ను చెక్‌పోస్టులు 2017 జూలైలో జీఎస్టీతో పోయాయి. మిగిలింది టోల్.

2008 నాటి జాతీయ రహదారుల రుసుము నియమాలను లారీ ఓనర్లు ఎలా చదువుకున్నారో చూడాలి. నాలుగు వరుసల రోడ్డు మీద 2007–08 ఆధార ధర రెండు ఇరుసుల లారీకి కిలోమీటరుకు 2.20 రూపాయలు, తర్వాతి సవరణ ప్రకారం మూడు ఇరుసుల లారీకి 2.40. చిన్నదాని మొత్తం బరువు హద్దు అప్పట్లో 16.2 టన్నులు, పెద్దదానిది 25. అంటే టన్నుకు చిన్న లారీ పద్నాలుగు పైసల దాకా కడితే పెద్దది పది పైసల లోపే. ఓనర్లు టైర్లు పెంచుకుంటూ పోవడానికి ఇదొక్కటే కారణం కాదు గానీ, ఈ లెక్క అటే నెట్టింది. మైదానంలో లాభమైన పెద్ద లారీ పొడవే ఘాట్ మలుపుల్లో డ్రైవర్ ప్రాణానికి పరీక్ష.

ఇంకొక నియమం: 24 గంటల్లో తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే. కానీ తిరుగు లోడు కోసం కోరాపుట్‌లోనో జయపురంలోనో రెండు రోజులు పడిగాపులు పడే లారీకి ఆ రాయితీ అందదు. నెలకు యాభై ట్రిప్పుల పాస్ కూడా ఒకే దారిలో రోజూ తిరిగే బండికే పనికొస్తుంది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరయ్యాక డ్రైవర్ చేతిలోని దారి ఖర్చు ఓనరు ఖాతాలోకి మారింది. గేటు తప్పించి ఊళ్లమీదుగా పోతే ఇప్పుడు ఇంట్లో ఉన్నవాడికీ తెలుస్తుంది.

జర్మనీ 2005లో ఆటోబాన్లపై లారీ టోల్ పెట్టినప్పుడు కొన్ని లారీలు పక్క రోడ్లకు మళ్లాయి. తర్వాత ఆ రోడ్లనూ టోల్ కిందికి తెచ్చారు. న్యూయార్క్‌లో 2001లో రద్దీ వేళకు ఎక్కువ, మిగతా వేళకు తక్కువ టోల్ పెడితే, సరుకు అందుకునే దుకాణందారు వేళ మార్చనందున చాలా లారీలు పాత సమయానికే నడిచాయి. మన దగ్గర 2015 అక్టోబరులో దేశవ్యాప్తంగా ఐదు రోజులు లారీలు ఆగాయి. గేటు గేటుకూ కాక ఏడాది టోల్ ఒకేసారి కట్టించుకోమన్నది వాళ్ల కోరిక. అది నెరవేరలేదు.

పెద్ద ట్రాన్స్‌పోర్టు సంస్థ ఒప్పందంలోనే టోల్‌ను విడిగా రాయించుకుంటుంది. ఒకే లారీ, నెల నెలా ఫైనాన్స్ వాయిదా ఉన్నవాడు బ్రోకర్ చెప్పిన కిరాయికి తలూపక తప్పదు. అతని కంటే కింద ఇంకొకరున్నారు. అరకు సంతకు పసుపో మిరియాలో చింతపండో తెచ్చిన గిరిజన రైతుకు షావుకారు చెప్పే ధరలో దిగువకు చేర్చే ఖర్చు ముందే కోసేసి ఉంటుంది. పైకి వచ్చే ఉప్పు, సిమెంటు ధరలో అదే ఖర్చు కలిసి ఉంటుంది. రెండు వైపులా కట్టేది ఒకరే, అతని చేతికి రసీదు రాదు. ఆ రైతు పేరు ఏ టోల్ చర్చలోనూ వినిపించకపోవడం నన్ను బాధిస్తుంది.

ఇప్పుడు రాయ్‌పూర్–విశాఖ ఆరు వరుసల రహదారి వస్తోంది: 464 కిలోమీటర్లు, పాత దారి కంటే వంద కిలోమీటర్లకు పైగా తక్కువ. తిరిగినంత దూరానికే టోల్. తగ్గే డీజిల్‌తో, మిగిలే రోజుతో ఆ టోల్ తూగితే సాలూరు లారీ అటే వెళ్తుంది. అయితే అది నిర్ణీత చోట్ల తప్ప ఎక్కే వీలు లేని రోడ్డు. సంత సరుకుతో దిగిన చిన్న వ్యాను దాని పక్కనుంచి పోతూ, ఎక్కే చోటు ఎక్కడో వెతుక్కోవాలి.