ఉపేంద్ర చివుకుల: ట్రెంటన్ దాకా గెలుపు, వాషింగ్టన్ దారిలో రెండు ఓటములు

ఈసారి చరిత్ర పోస్టు ఒక తెలుగు ఎమ్మెల్యే గురించి. ఆంధ్రాలో కాదు, తెలంగాణలో కాదు, న్యూజెర్సీలో. ఆయన పేరు ఉపేంద్ర చివుకుల. పన్నెండేళ్ళకి పైగా న్యూజెర్సీ అసెంబ్లీలో ఉన్నారు. రెండుసార్లు వాషింగ్టన్‌లో ఉన్న సభకి పోటీ చేశారు. రెండుసార్లూ ఓడిపోయారు.

గెలిచిన వాళ్ళ గురించి మనవాళ్ళు చాలా రాస్తారు. "మొదటి తెలుగు వ్యక్తి", "మొదటి భారతీయ మహిళ" అని పెద్ద అక్షరాలు వేస్తారు. ఓడిన వాళ్ళ గురించి మర్నాటి నుంచి ఎవరూ మాట్లాడరు. కానీ రాష్ట్రం సభ నుంచి దేశం సభకి వెళ్ళే దారి ఎలా ఉంటుందో తెలియాలంటే, గెలిచిన వాళ్ళ కథ ఒక్కటీ చాలదు. ఎక్కడ ఆగిపోయారో, ఎందుకు ఆగిపోయారో కూడా చూడాలి.

ముందు మాటల సంగతి

ఇండియాలో ఉన్న మీ అమ్మమ్మగారితో "ఆయన కాంగ్రెస్‌కి పోటీ చేశారు" అని చెప్పి చూడండి. "కాంగ్రెస్‌కి పోటీయా, కాంగ్రెస్ తరఫునా?" అని అడుగుతారు. తెలుగులో కాంగ్రెస్ అంటే ఒక పార్టీ. అమెరికాలో కాంగ్రెస్ అంటే దేశం మొత్తానికి ఉన్న చట్టసభ. అందులో రెండు సభలు ఉన్నాయి: సెనేట్, ప్రతినిధుల సభ. ప్రతినిధుల సభలో 435 మంది సభ్యులు. మన లోక్‌సభ లాంటిది అనుకోవచ్చు. అందుకే ఈ పోస్టులో నేను "ప్రతినిధుల సభ" అనే రాస్తాను.

ప్రతి రాష్ట్రానికీ సొంత చట్టసభ వేరే ఉంటుంది. న్యూజెర్సీ రాజధాని ట్రెంటన్. అక్కడి కింది సభ పేరు జనరల్ అసెంబ్లీ. 40 నియోజకవర్గాలు, ఒక్కోదాని నుంచి ఇద్దరు, మొత్తం 80 మంది. "ఎమ్మెల్యే" అన్న మాట ఇక్కడ ఎవరూ వాడరు గానీ, తెలుగులో చెప్పేటప్పుడు అదే సులువుగా అర్థమవుతుంది.

ఇంట గెలిచి

చివుకులగారు 1950లో నెల్లూరులో పుట్టారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు. నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆయన మద్రాసులో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. తర్వాత న్యూయార్క్ సిటీ కాలేజీలో అదే సబ్జెక్టులో మాస్టర్స్ చేశారు. 1965లో అమెరికా వలస చట్టం మారిన తర్వాత ఇంజనీర్లు, డాక్టర్లు చాలామంది ఇక్కడికి వచ్చారు కదా, ఆయనది ఆ తరమే. ఏటీ అండ్ టీ ఫోన్ కంపెనీలో పనిచేశారు.

రాజకీయం ఊరి నుంచి మొదలైంది. సోమర్సెట్ కౌంటీలో ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ అని ఒక ఊరు ఉంది. 1990ల చివర్లో ఆయన ఆ ఊరి కౌన్సిల్‌లో సభ్యుడయ్యారు. 2000లో మేయర్ అయ్యారు. 2001 నవంబరులో డెమోక్రటిక్ పార్టీ తరఫున అసెంబ్లీకి గెలిచారు. 2002 జనవరిలో ప్రమాణం చేశారు. న్యూజెర్సీ అసెంబ్లీకి ఎన్నికైన మొదటి భారతీయ అమెరికన్ ఆయనే. ఆయన నియోజకవర్గం 17వది. ఫ్రాంక్లిన్, న్యూ బ్రన్స్‌విక్, పిస్కాటవే అందులోవే.

"ఇంట గెలిచి రచ్చ గెలువు" అని సామెత ఉంది. ముందు సొంత ఇంట్లో గెలువు, తర్వాత బయట నలుగురిలో గెలువు అని అర్థం. కౌన్సిల్, మేయర్, అసెంబ్లీ: ఆయన ఈ సామెత చెప్పినట్టే నడిచారు.

ఇక్కడ ఒక విషయం గుర్తు పెట్టుకోవాలి. న్యూజెర్సీలో ఎమ్మెల్యే పని పూర్తి ఉద్యోగం కాదు. 2002 నుంచి చాలా ఏళ్ళు జీతం ఏడాదికి 49,000 డాలర్లు. అందుకని సభ్యుల్లో చాలామందికి వేరే ఉద్యోగమో వ్యాపారమో ఉంటుంది. మన తెలుగు రాష్ట్రాల ఎమ్మెల్యే కారు, గన్‌మెన్, అనుచరులు, ఇవేవీ ఊహించుకోకండి.

ఎండ మీద చట్టం

అసెంబ్లీలో ఆయన టెలికమ్యూనికేషన్లు, యుటిలిటీల కమిటీకి అధ్యక్షుడిగా ఉన్నారు. అంటే కరెంటు, గ్యాసు, ఫోను వ్యవహారాలు. ఎలక్ట్రికల్ ఇంజనీరుకి సరిపోయిన కమిటీ. తర్వాత డిప్యూటీ స్పీకర్ కూడా అయ్యారు.

న్యూజెర్సీ చిన్న రాష్ట్రం, ఎండలు ఎక్కువ ఉండే చోటు కూడా కాదు. అయినా కొన్నేళ్ళ పాటు సోలార్ కరెంటులో కాలిఫోర్నియా తర్వాతి స్థానం దానిదే. దీని వెనకాల అప్పట్లో ఉన్న పద్ధతి ఇలా ఉండేది. మీ ఇంటి పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టారు అనుకోండి. అవి 1,000 యూనిట్ల కరెంటు చేస్తే మీకు ఒక సర్టిఫికెట్ వచ్చేది. కరెంటు అమ్మే కంపెనీలు ప్రతి ఏడాదీ ఇన్ని సర్టిఫికెట్లు కొనాలి అని చట్టం చెప్పేది. కొనకపోతే జరిమానా. కాబట్టి మీ సర్టిఫికెట్‌కి మార్కెట్లో ధర వచ్చేది. ఆ డబ్బుతో పలకల ఖర్చు తీరేది.

2010 జనవరిలో వచ్చిన సోలార్ చట్టాన్ని అసెంబ్లీలో ప్రతిపాదించిన వాళ్ళలో చివుకులగారు ముఖ్యులు. కంపెనీలు ఎంత కొనాలో ఆ చట్టం ఏటేటా పెంచుతూ వెళ్ళింది. అప్పుడు జనం ఎంత ఉత్సాహంగా పలకలు పెట్టారంటే, సర్టిఫికెట్లు కావలసిన దానికన్నా ఎక్కువైపోయాయి. 600 డాలర్ల పైన పలికిన సర్టిఫికెట్ ధర బాగా పడిపోయింది. ఆ డబ్బు వస్తుందని అప్పు చేసి పెట్టించుకున్న వాళ్ళు ఇబ్బంది పడ్డారు. 2012 జులైలో ఇంకో చట్టం వచ్చింది. కంపెనీలు కొనవలసిన మొత్తాన్ని అది ముందుకు జరిపింది. దాన్ని ప్రతిపాదించిన వాళ్ళలో కూడా ఆయన ఉన్నారు. సంతకం చేసింది రిపబ్లికన్ గవర్నర్ క్రిస్ క్రిస్టీ.

అసెంబ్లీ పని అంటే ఇదే. టీవీలో రాదు. కానీ కరెంటు బిల్లులో వస్తుంది.

మొదటి ప్రయత్నం: 2012

2010 జనాభా లెక్కల తర్వాత న్యూజెర్సీ ఒక సీటు పోగొట్టుకుంది. ప్రతినిధుల సభలో 13 ఉండేవి, 12 అయ్యాయి. మ్యాపు కొత్తగా గీశారు. ఒక్కో నియోజకవర్గంలో సుమారు 7 లక్షల 30 వేల మంది. అసెంబ్లీ నియోజకవర్గంలో ఉండేది సుమారు 2 లక్షల 20 వేలు. అంటే మూడు రెట్లకి పైగా.

ఫ్రాంక్లిన్ 12వ నియోజకవర్గంలో పడింది. అక్కడ అప్పటికే రష్ హోల్ట్ ఉన్నారు, చివుకులగారి పార్టీ మనిషే. అందుకని చివుకులగారు పక్కన ఉన్న 7వ నియోజకవర్గంలో పోటీ చేశారు. అమెరికా రాజ్యాంగం ప్రకారం అభ్యర్థి ఆ రాష్ట్రంలో ఉంటే చాలు, ఆ నియోజకవర్గంలోనే ఉండాలని లేదు.

7వ దాంట్లో రిపబ్లికన్ లియొనార్డ్ లాన్స్ అప్పటికే సభ్యుడు. ఆయన కూడా పాత ఎమ్మెల్యేనే. న్యూజెర్సీ అసెంబ్లీలో, తర్వాత రాష్ట్ర సెనేట్‌లో పనిచేసి వాషింగ్టన్ వెళ్ళారు. ఫలితం: లాన్స్‌కి సుమారు 57 శాతం, చివుకులగారికి సుమారు 40 శాతం. ఆ సీటు లాన్స్ చేతి నుంచి జారడానికి 2018 దాకా పట్టింది.

రెండో ప్రయత్నం: 2014

2014 ఫిబ్రవరిలో రష్ హోల్ట్ ఇక పోటీ చేయనని చెప్పారు. 12వ నియోజకవర్గం ఖాళీ అయింది. ఈసారి సొంత ఊరు ఉన్న చోటే, సొంత పార్టీ బలంగా ఉన్న చోటే.

ఇక్కడ "ప్రైమరీ" గురించి చెప్పాలి. ఇండియాలో టికెట్ ఎవరికో పార్టీ అధిష్ఠానం నిర్ణయిస్తుంది. అమెరికాలో పార్టీ లోపల ముందు ఒక ఎన్నిక జరుగుతుంది, అందులో మామూలు ఓటర్లే ఓటు వేస్తారు. ఒక పార్టీ బాగా బలంగా ఉన్న చోట అసలు ఎన్నిక అదే. నవంబరులో జరిగేది లాంఛనం.

జూన్ 3న డెమోక్రటిక్ ప్రైమరీలో నలుగురు నిలబడ్డారు. బానీ వాట్సన్ కోల్‌మన్ 1998 నుంచి అసెంబ్లీ సభ్యురాలు. లిండా గ్రీన్‌స్టీన్ రాష్ట్ర సెనేటర్. చివుకులగారు. నాలుగో మనిషి ఆండ్రూ జ్విక్కర్, ప్రిన్స్‌టన్ భౌతిక శాస్త్రవేత్త. నలుగురిలో ముగ్గురు ట్రెంటన్ నుంచే! వాట్సన్ కోల్‌మన్‌కి సుమారు 43 శాతం, గ్రీన్‌స్టీన్‌కి 28, చివుకులగారికి 22, జ్విక్కర్‌కి 7.

నియోజకవర్గం నాలుగు కౌంటీల ముక్కలతో చేసింది. సోమర్సెట్ కౌంటీలో ఆయనకి బలం ఉంది, కానీ ఆ ముక్క చిన్నది. పైగా న్యూజెర్సీలో అప్పట్లో ఒక వింత పద్ధతి ఉండేది. కౌంటీ పార్టీ ఎవరిని బలపరిస్తే వాళ్ళ పేరు బ్యాలెట్ మీద మిగతా పెద్ద నాయకులతో ఒకే వరుసలో వచ్చేది. మిగిలిన వాళ్ళ పేర్లు పక్కకి, ఎక్కడో ఒక మూలకి వెళ్ళేవి. 2024లో ఆండీ కిమ్ కోర్టుకి వెళ్ళిన తర్వాతే ఒక ఫెడరల్ జడ్జి ఆ ఏడాది డెమోక్రటిక్ ప్రైమరీలో ఈ "వరుస" వాడకూడదు అన్నారు.

వాట్సన్ కోల్‌మన్ నవంబరులో గెలిచి, న్యూజెర్సీ నుంచి ప్రతినిధుల సభకి వెళ్ళిన మొదటి నల్లజాతి మహిళ అయ్యారు. ఆ విజయం కూడా చరిత్రే. మనవాళ్ళ ఓటమి అని ఒక్క వైపు నుంచే చూస్తే ఇది కనబడదు.

తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది?

రాష్ట్ర సభ నుంచి ప్రతినిధుల సభకి వెళ్ళిన భారతీయ మూలాల వాళ్ళని చూద్దాం. ప్రమీల జయపాల్ వాషింగ్టన్ రాష్ట్ర సెనేట్ నుంచి 2016లో గెలిచారు. శ్రీ థానేదార్ మిషిగన్ ప్రతినిధుల సభ నుంచి 2022లో గెలిచారు. సుహాస్ సుబ్రమణ్యం వర్జీనియా సెనేట్ నుంచి 2024లో గెలిచారు. ముగ్గురిదీ ఒకటే పద్ధతి: అప్పటి సభ్యుడు పోటీలో లేని ఖాళీ సీటు, సొంత పార్టీ బలంగా ఉన్న చోటు, ప్రైమరీలో గెలుపు. ముగ్గురిలో ఎవరూ తెలుగువాళ్ళు కాదు.

ఖాళీ ఉన్నా సరిపోదు అని అరుణా మిల్లర్ కథ చెబుతుంది. ఆవిడ హైదరాబాద్‌లో పుట్టారు. ఏడేళ్ళ వయసులో అమెరికా వచ్చారు. ఆవిడ కూడా ఇంజనీరే, రోడ్లు, ట్రాఫిక్ పని. 2011 నుంచి 2019 దాకా మేరీలాండ్ ఎమ్మెల్యే. 2018లో 6వ నియోజకవర్గం ఖాళీ అయితే పోటీ చేశారు. ఎదుట డేవిడ్ ట్రోన్, పెద్ద వైన్ షాపుల వ్యాపారి. సొంత డబ్బు కోటి డాలర్లకి పైగా ఖర్చు పెట్టారు. ఆయనకి సుమారు 40 శాతం, ఆవిడకి సుమారు 31 శాతం.

ఇక్కడ క్యాలెండర్ కూడా ముఖ్యం. న్యూజెర్సీలో అసెంబ్లీ ఎన్నికలు బేసి సంవత్సరాల్లో జరుగుతాయి. ప్రతినిధుల సభ ఎన్నికలు సరి సంవత్సరాల్లో. కాబట్టి చివుకులగారు 2012లో ఓడినా అసెంబ్లీ సీటు అలాగే ఉంది. మేరీలాండ్‌లో రెండూ ఒకే ఏడాది వస్తాయి. మిల్లర్‌గారు పోటీ చేయాలంటే ఉన్న సీటు వదులుకోవాలి. వదులుకున్నారు, ఓడారు, 2019 జనవరి నుంచి చేతిలో పదవి లేదు. నాలుగేళ్ళ తర్వాత, 2023 జనవరిలో, మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేశారు. ఇండియాలో గవర్నర్‌ని ఢిల్లీ పంపుతుంది. ఇక్కడ గవర్నర్ అంటే ముఖ్యమంత్రి లాంటి పదవి, ఓట్లతో గెలవాలి. లెఫ్టినెంట్ గవర్నర్ ఆ తర్వాతి స్థానం.

తర్వాత ఏమయ్యారు?

2014లోనే చివుకులగారు అసెంబ్లీ వదిలి న్యూజెర్సీ పబ్లిక్ యుటిలిటీస్ బోర్డులో చేరారు. ఐదుగురు సభ్యుల బోర్డు అది. కరెంటు, గ్యాసు, నీళ్ళ కంపెనీలు ఎంత వసూలు చేయవచ్చో అదే చూస్తుంది. ఆయనని నియమించింది ఎదుటి పార్టీ గవర్నర్ క్రిస్టీ. తను రాసిన సోలార్ చట్టాలని అమలు చేసే బోర్డు కూడా ఇదే. ప్రైమరీలో 7 శాతం వచ్చిన జ్విక్కర్ మరుసటి ఏడాదే 78 ఓట్ల తేడాతో అసెంబ్లీకి గెలిచారు.

పత్రికల్లో పదవిని నిచ్చెన లాగ చూపిస్తారు. పైమెట్టు ఎక్కితే గెలుపు, లేకపోతే ఓటమి. నాకు అలా అనిపించడం లేదు. ఇంజనీరు మాట వినే మనిషి చట్టసభలో ఉండడం ఒక పని, వాషింగ్టన్ వెళ్ళడం ఇంకో పని. రెండోది జరగాలంటే మ్యాపు, క్యాలెండర్, డబ్బు, ఇంకొకరి రిటైర్మెంట్, అన్నీ కలిసి రావాలి. మొదటిది ఊరి కౌన్సిల్ నుంచి మొదలవుతుంది. మీ ఊళ్ళో ఈ ఏడాది ప్రైమరీ ఏ రోజో ఒకసారి చూసుకోండి. చాలామంది మనవాళ్ళు నవంబరు దాకా ఆగుతారు. 12వ నియోజకవర్గం లాంటి చోట నవంబరు వచ్చేసరికి కథ అయిపోయి ఉంటుంది.

ఈ పోస్టులో వచ్చిన మాటలు

చట్టసభ: చట్టాలు చేసే సభ.
నియోజకవర్గం: ఒక సభ్యుణ్ణి ఎన్నుకునే ప్రాంతం. న్యూజెర్సీ అసెంబ్లీకి మాత్రం ఇద్దరిని.
అధిష్ఠానం: పార్టీలో అందరికన్నా పైన ఉండి నిర్ణయాలు చేసే నాయకులు.
ప్రమాణం చేయడం: పదవి తీసుకునే ముందు అందరి ఎదుట మాట ఇవ్వడం.
లాంఛనం: ఫలితం ముందే తెలిసినా, పద్ధతి కోసం చేసేది.
సరి, బేసి: రెండుతో భాగిస్తే మిగలనిది సరి (2012), ఒకటి మిగిలేది బేసి (2013).